ట్యాబ్ కొనే ముందు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ట్యాబ్‌లను పోల్చి చూడటం గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగిన వాటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మూడు ట్యాబ్‌లు చూసి పెట్టుకున్నాను. మూడూ 11 అంగుళాలవే. మూడింటికీ ఎనిమిది కోర్ల ప్రాసెసరే, 8 జీబీ ర్యామే. అయినా ఒకదాని ధర ఇంకోదానికి దాదాపు రెట్టింపు ఉంది. తేడా ఎక్కడుందండీ? చవకది తీసుకుంటే ఏం పోతుంది?

జవాబు: మీరు రాసిన మూడు అంకెలతో తేడా బయటపడదు. బాక్స్ మీద పెద్ద అక్షరాల్లో వేసేది ఎక్కువగా ఇలాంటి అంకెలనే. ఒక్కోదాని వెనక ఏముందో చూడండి.

ముందు కోర్ల సంగతి. ప్రాసెసర్‌లో పనిచేసే భాగాలే కోర్లు, అవన్నీ ఒక్క రకంవి కావు. కార్టెక్స్ ఏ53, ఏ55 అనేవి బ్యాటరీ ఆదా కోసం చేసిన చిన్న కోర్లు. ఏ75, ఏ76, ఏ78 అనేవి బరువు పనులు లాగే పెద్ద కోర్లు. బాగా చవక ట్యాబ్‌లలో ఎనిమిదికి ఎనిమిదీ చిన్నవే ఉంటాయి. యూనిసాక్ టీ606లో రెండు ఏ75లు, ఆరు ఏ55లు. మీడియాటెక్ హీలియో జీ99లో రెండు ఏ76లు, ఆరు ఏ55లు. మూడింటినీ ‘ఆక్టాకోర్’ అనే అమ్ముతారు. యాప్ తెరుచుకోవడం, వెబ్ పేజీ రావడం, కీబోర్డు పైకి లేవడం లాంటి పనుల్లో భారమంతా ఒకటి రెండు కోర్ల మీదే పడుతుంది. అందుకే ఎన్ని కోర్లు అన్నది వదిలేసి, ఒక్క కోరు ఎంత వేగం అన్నది చూడాలి. ప్రాసెసర్ వేగం కొలిచే గీక్‌బెంచ్ 6 యాప్ ఫలితాల్లో ‘సింగిల్ కోర్’ అంకె చెప్పేది అదే. ఇంటెల్ కోర్ ఐ7-12700 అనే డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కి 2500 వచ్చేలా ఆ కొలతను నిర్ణయించారు. మీ మూడు ట్యాబ్‌ల ప్రాసెసర్ల పేర్లు వెతికి ఆ ఒక్క అంకె పక్కపక్కన రాసుకోండి. ధరల తేడాకి సగం కారణం అక్కడే తెలిసిపోతుంది.

ఇక ర్యామ్. 8 జీబీ అన్నచోట కింద చిన్న అక్షరాల్లో ‘4+4’ అని ఉందేమో చూడండి. రెండో 4 అసలు ర్యామ్ కాదు, స్టోరేజ్‌లో కొంత భాగాన్ని ర్యామ్‌లా వాడుకునే ఏర్పాటు. స్టోరేజ్ వేగం ర్యామ్ వేగంలో చిన్న వంతు కూడా ఉండదు కాబట్టి అది అవసరానికి ఆదుకుంటుందే తప్ప అసలు ర్యామ్‌కి బదులు కాదు. పోల్చేటప్పుడు ప్లస్ గుర్తుకి ముందున్న అంకెనే లెక్కలోకి తీసుకోండి.

స్టోరేజ్ రకాన్ని బాక్స్ మీద చాలాసార్లు వెయ్యనే వెయ్యరు. చవక వాటిలో ఈఎంఎంసీ ఉంటుంది, కాస్త పైవాటిలో యూఎఫ్ఎస్ ఉంటుంది. ఈఎంఎంసీ 5.1కి గరిష్ఠ హద్దు సెకనుకి 400 ఎంబీ. రెండు లేన్ల (డేటా వెళ్లే దారుల) యూఎఫ్ఎస్ 2.2కి దాదాపు 1200. అంతకన్నా ముఖ్యమైన తేడా ఇంకొకటుంది. ఈఎంఎంసీ ఒక సమయంలో చదవడమో రాయడమో ఏదో ఒకటే చేయగలదు. యూఎఫ్ఎస్ రెండూ ఒకేసారి చేస్తుంది. ప్లే స్టోర్ వెనకాల యాప్‌లను అప్‌డేట్ చేస్తుంటే కొన్ని ట్యాబ్‌లలో వేలు పెట్టి నొక్కినా కదలిక లేకుండా రెండు మూడు సెకన్లు ఆగిపోవడం చూసే ఉంటారు. అలాంటి చోట అనుమానించాల్సిన మొదటి దోషి ఈఎంఎంసీ. కొనేనాటికి అంతా బాగానే ఉంటుంది. స్టోరేజ్ ముప్పాతిక నిండాక మొరాయిస్తుంది.

చివరిది అప్‌డేట్లు. శామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్10 వరుసకి ఏడేళ్ల అప్‌డేట్ల మాట ఇచ్చింది. చవక ట్యాబ్‌లలో ఒక్క ఆండ్రాయిడ్ వెర్షన్ కూడా మారనివి ఉన్నాయి. ఆ ఏళ్లను లెక్కపెట్టేది మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి, మీరు కొన్న రోజు నుంచి కాదు. నాలుగేళ్ల హామీ ఉన్న మోడల్‌ని అది వచ్చిన రెండేళ్లకి డిస్కౌంట్‌లో కొంటే మీకు మిగిలేది రెండేళ్లే. ఇది చూసుకోకుండా డిస్కౌంట్ లెక్క వేయకండి.

ఇంట్లో వీడియోలు చూడటం, వార్తలు చదవడం వరకే అయితే టీ606 స్థాయి, అసలు ర్యామ్ 4 జీబీ సరిపోతాయి. రెండు యాప్‌లు పక్కపక్కన పెట్టుకుని పనిచేసే అలవాటుంటే జీ99 కంటే కిందికి, అసలు ర్యామ్ 6 జీబీ కంటే కిందికి దిగవద్దు.

ప్రశ్న: మా నాన్నగారికి 70 ఏళ్లు. స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు చదువుతారు. ఫోన్‌లో కళ్లు లాగేస్తున్నాయంటున్నారు. 8 అంగుళాల ట్యాబ్ చేతిలో తేలిగ్గా ఉంటుంది కదా, అది తీసుకోమంటారా, 11 తీసుకోమంటారా?

జవాబు: స్కాన్ చేసిన పీడీఎఫ్ అంటే పేజీ పేజీ ఒక ఫొటో. ఈపబ్ పుస్తకంలోలా అక్షరం పెద్దది చేస్తే వాక్యాలు సర్దుకుని కిందికి దిగవు. పేజీ తెరలో పట్టేంతవరకే అక్షరం పెరుగుతుంది. అంతకు మించి పెంచితే ప్రతి వాక్యానికీ వేలితో అటూ ఇటూ జరుపుకోవాలి. అందుకని మీరు కొలవాల్సింది అంగుళాలను కాదు, తెరమీద ఆ అక్షరం ఎంత సైజులో పడుతుందన్నది.

ఏ4 కాగితం మీద 12 పాయింట్ల అక్షరం ఉందనుకుందాం. పేజీ మొత్తం ఒక్క తెరలో కనబడేలా పెడితే, 8.3 అంగుళాల ఐప్యాడ్ మినీ మీద అది ఆరున్నర పాయింట్లకి పడిపోతుంది. 11 అంగుళాల 16:10 తెరమీద 8.5 పాయింట్లు వస్తుంది. అదే 11 అంగుళాలు 4:3 ఆకారంలో ఉంటే 9 పాయింట్లు. 13 అంగుళాల 4:3 మీద పదిన్నర దాటుతుంది. అంగుళాలు ఒక్కటే అయినా ఆకారాన్ని బట్టి అక్షరం మారుతోంది, గమనించారా. 4:3 అంటే కాగితానికి దగ్గరి ఆకారం, 16:10 అంటే సినిమాకి దగ్గరి ఆకారం. 11 అంగుళాల్లో 4:3 తెర విస్తీర్ణం కూడా దాదాపు 7 శాతం ఎక్కువ.

ఇప్పుడొక కిటుకు. పీడీఎఫ్ చదివే యాప్‌లలో కొన్నింటికి పేజీ చుట్టూ ఉన్న ఖాళీ అంచులను కత్తిరించి చూపించే సదుపాయం ఉంటుంది. ఏ4 పేజీకి నాలుగు వైపులా రెండున్నర సెంటీమీటర్ల అంచు తీసేస్తే 11 అంగుళాల 4:3, 16:10 రెండింటి మీదా అక్షరం దాదాపు 11 పాయింట్లకి చేరుతుంది, అంటే వాటి మధ్య తేడా పోయినట్టే. 8.3 అంగుళాల మీద కూడా ఎనిమిదిన్నరకి వస్తుంది. ఈ సదుపాయం ఉన్న యాప్ పెట్టుకుంటే ఆకారం గురించి అంతగా మథనపడక్కర్లేదు.

కొనకముందే ఇంట్లో చేసి చూడగలిగిన పరీక్ష ఒకటి చెబుతాం. నాన్నగారు చదివే పుస్తకంలోంచి, ఏ4 సైజువే, రెండు పేజీలు తీసుకుని ఒకటి 55 శాతానికి, ఇంకోటి 75 శాతానికి తగ్గించి ప్రింట్ తీయించండి. మొదటిది 8.3 అంగుళాల తెర, రెండోది 11 అంగుళాల 4:3 తెర అనుకోండి. రెండూ ఆయన చేతికిచ్చి, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని పది నిమిషాలు చదవమనండి. రెండో పేజీ సుఖంగా చదవగలిగితే 11 చాలు. అదీ ఇబ్బందైతే 13 వైపు చూడండి. పుస్తకం ఏ4 కంటే చిన్న సైజుదైతే తెరమీద అక్షరం ఇంకా పెద్దగా పడుతుంది కాబట్టి 8 అంగుళాలు కూడా సరిపోవచ్చు. ఆ లెక్క పుస్తకాన్ని కొలిచి చేసుకోవాల్సిందే.

సైజు తేలాక పిక్సెళ్లు. 10.1 అంగుళాల మీద 1280×800 అంటే అంగుళానికి 149 పిక్సెళ్లే. 11 అంగుళాల మీద 1920×1200 అయితే 206. 2560×1600 అయితే 274. ఇంగ్లిషు అక్షరాలకి 149తో ఎలాగో నడిచిపోతుంది గానీ తెలుగు ఒత్తులకి నడవదు. ‘క్ష్మ’, ‘స్త్రీ’ లాంటి చోట కింద ఒకదాని మీద ఒకటి పడే ఒత్తులు ముద్దగా కనిపిస్తాయి. ‘ఘ’కి ‘ఝ’కి తేడా తెలియడానికి కళ్లు చికిలించాల్సి వస్తుంది. తెలుగు చదవడానికే కొంటున్నట్టయితే 200కి తగ్గవద్దు.

బరువు కూడా చూడండి. ఐప్యాడ్ మినీ 300 గ్రాముల లోపే. 11 అంగుళాలవి చాలావరకు అరకిలో చుట్టూ ఉంటాయి. పైన కవరు వేస్తే ఇంకో పావుకిలో. అరకిలోని ఒక చేత్తో పట్టుకుని అరగంట చదవడం పెద్దవాళ్లకి కష్టం. బల్ల మీద నిలబెట్టే స్టాండు ఒకటి కొంటే ఈ గొడవ ఉండదు, పెద్ద తెర తీసుకోవడానికి వీలవుతుంది. మా ఓటు దీనికే: 11 అంగుళాలు, 200 పిక్సెళ్ల పైన, స్టాండుతో.

ప్రశ్న: ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. క్లాసులో నోట్స్ పెన్‌తో ట్యాబ్ మీదే రాసుకోవాలని ఉంది. ‘పెన్ సపోర్ట్’ అని అన్నింటి మీదా రాసుంది. ఏది నిజంగా పనికొస్తుంది సర్?

జవాబు: ‘పెన్ సపోర్ట్’ అన్న మాటకి విడిగా అర్థం లేదు. రబ్బరు మొన ఉన్న చవక స్టైలస్‌ ఏ ట్యాబ్ మీదైనా గీతలు గీస్తుంది. ట్యాబ్‌కి అది వేలో పెన్నో తెలియదు. అందుకే రాసేటప్పుడు అరచెయ్యి ఆనితే అక్కడా గీతలు పడతాయి. మీరు వెతకాల్సింది తెర కింద పెన్ను కోసమే ప్రత్యేకంగా ఏర్పాటు ఉన్న ట్యాబ్.

శామ్‌సంగ్ ఎస్ పెన్ వాకమ్ అనే కంపెనీ వాళ్ల ఈఎంఆర్ పద్ధతిలో పనిచేస్తుంది. తెర కింద ఉన్న పొర నుంచే పెన్‌కి శక్తి అందుతుంది కాబట్టి రాయడానికి పెన్‌లో బ్యాటరీ అక్కర్లేదు. పరీక్ష రోజున ఛార్జింగ్ అయిపోయిందన్న భయం ఉండదు. ట్యాబ్ ఎస్9, ఎస్9 ఎఫ్ఈ మోడళ్లకి పెన్ బాక్స్‌లోనే వస్తుంది. ట్యాబ్ ఏ వరుసలోని ఏ9 ప్లస్‌కి ఎస్ పెన్ పనిచేయదు. పేర్లు దగ్గరగా ఉన్నాయని పొరపడకండి.

ఆపిల్ దగ్గర నాలుగు పెన్సిళ్లున్నాయి, ఎక్కువమంది చిక్కుల్లో పడేది అక్కడే. యూఎస్‌బీ-సి పెన్సిల్‌కి ఒత్తిడి తెలియదు. అంటే గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా గీత మందం మారదు. లెక్కలు, నోట్స్‌కి అది పెద్ద లోటు కాదు. బొమ్మలు గీసేవాళ్లకి మాత్రం పనికిరాదు. రెండో తరం పెన్సిల్ 2024లో వచ్చిన ఎం2 ఐప్యాడ్ ఎయిర్, ఎం4 ఐప్యాడ్ ప్రో మీద పనిచేయదు. వాటికి పెన్సిల్ ప్రో గానీ యూఎస్‌బీ-సి పెన్సిల్ గానీ కావాలి. సీనియర్ల దగ్గర పాత పెన్సిల్ దొరుకుతోందని కొనేముందు మీ ఐప్యాడ్ మోడల్‌కి అది సరిపోతుందో లేదో ఆపిల్ జాబితాలో చూసుకోండి.

ఇంకో విషయం ల్యామినేషన్, అంటే తెర అద్దాన్ని కింది పలకకి ఖాళీ లేకుండా అతికించడం. అద్దానికీ కింద బొమ్మ వచ్చే పలకకీ మధ్య గాలి ఖాళీ వదిలేసిన ట్యాబ్‌లున్నాయి. పెన్ మొన ఒకచోట ఉంటే గీత దానికి కాస్త పక్కన పడినట్టు కనిపిస్తుంది. ఐప్యాడ్‌లలో మామూలు మోడల్‌కి ఈ ఖాళీ ఉంది, ఎయిర్‌కి లేదు. పక్కకి వంచి చూస్తే అద్దం లోపల రెండో అంచు కనిపిస్తుందా లేదా అన్నదాన్ని బట్టి షాపులోనే పట్టుకోవచ్చు.

షాపులో పెన్ చేతికిస్తే గుండ్రాలు గీసి వదిలేయకండి. స్కేలు ఒకటి వెంట తీసుకెళ్లి తెరమీద ఏటవాలుగా పెట్టి, చాలా నెమ్మదిగా ఒక గీత గీయండి. గీత తిన్నగా వస్తే మంచిదే. మెట్లుమెట్లుగా, అలలా వణుకుతూ వస్తే ఆ ట్యాబ్ పెన్‌ని సరిగ్గా పసిగట్టలేకపోతోందని అర్థం. వేగంగా గీస్తే ఈ లోపం కనిపించదు. తర్వాత అరచెయ్యి పూర్తిగా ఆనించి వరసగా నాలుగు వాక్యాలు రాయండి. ఇంటిగ్రల్ గుర్తులు, చిన్న సబ్‌స్క్రిప్టులు రాసి చూడండి. మీకు రోజూ కావాల్సినవి అవే.

రాసింది టైపు అక్షరాలుగా మారాలనుకుంటే ఆండ్రాయిడ్‌లో జీబోర్డు చేతిరాతని తెలుగులో కూడా గుర్తుపడుతుంది. నోట్స్ యాప్‌ల సంగతి మాత్రం ఒక్కోదానిది ఒక్కో తీరు. కొనేముందే మీ యాప్‌లో రాసి చూసుకోవాలి.

ప్రశ్న: వైఫై మోడల్ చాలా, సిమ్ ఉన్నదే కావాలా?

జవాబు: ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టుకునే అలవాటుంటే వైఫై చాలు. రెండు విషయాలు తెలుసుకుని నిర్ణయించుకోండి. వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లలో జీపీఎస్ ఉండదు. కారులో దారి చూపించడానికో పొలం కొలతలకో వాడాలంటే సెల్యులార్ మోడలే కావాలి. ఆండ్రాయిడ్‌లో వైఫై మోడళ్లకి కూడా చాలావాటికి జీపీఎస్ ఉంటుంది, స్పెక్స్‌లో ఆ మాట వెతకండి. రెండోది, సెల్యులార్ ఐప్యాడ్‌లో సిమ్ ఉన్నా మామూలు ఫోన్ కాల్ చేయలేరు, డేటాకే పనికొస్తుంది.

ప్రశ్న: 64 జీబీకి మెమొరీ కార్డు వేసుకుంటే 128 జీబీతో సమానం కాదా?

జవాబు: కాదు. 64 జీబీ అని అమ్మేది కంప్యూటర్ లెక్కలో 59.6 జీబీయే అవుతుంది. అందులో సిస్టమ్, ముందే వేసి ఇచ్చిన యాప్‌లు పోగా చేతికొచ్చేది ఇంకా తక్కువ. కార్డు మీదకి సినిమాలు, పాటలు, పీడీఎఫ్‌లు వెళ్తాయి. యాప్‌లు, వాటి డేటా చాలావరకు లోపలే ఉంటాయి. ఆటలు, చదువుల యాప్‌ల డౌన్‌లోడ్లు లోపలే పేరుకుంటాయి కాబట్టి ఇరుకు తప్పదు. వీడియోలు దాచుకోవడానికే అయితే కార్డు మంచి ఉపాయం. ఐప్యాడ్‌లకి కార్డు గూడు ఉండదు, మొదటే 128 జీబీ తీసుకోవాలి.

ప్రశ్న: ఒకరు వాడిన ఐప్యాడ్ తక్కువకి ఇస్తామంటున్నారు. 2019లో వచ్చిన ఏడో తరం అట. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. 2025లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 26 ఏడో తరానికి రాలేదు. ఎనిమిదో తరం నుంచే వస్తోంది. ఇప్పుడు పనిచేస్తున్నా, యాప్‌లు ఒక్కొక్కటిగా కొత్త సిస్టమ్ కావాలని అడగడం మొదలుపెడతాయి. ముందుగా వెనకబడేవి బ్యాంకు యాప్‌లే. వాడినదే కావాలంటే 2019లోనే వచ్చిన మూడో తరం ఎయిర్, ఐదో తరం మినీలకి 26 అందుతోంది. ఏడాది ఒకటే అయినా లోపలి ప్రాసెసర్ వేరు కావడమే కారణం. అందుకని అమ్మేవాళ్లు చెప్పిన ఏడాదిని నమ్మకుండా సెట్టింగ్స్‌లో ‘అబౌట్’లో మోడల్ నంబరు చూడండి.

ఏది తీసుకున్నా డబ్బు ఇచ్చేముందు అమ్మేవారి ఎదుటే చేయాల్సిన పని ఒకటుంది. పూర్తిగా రీసెట్ చేయించి, మొదటినుంచి సెటప్ చేస్తూ, వైఫై కలిపి, హోమ్ స్క్రీన్ వచ్చేదాకా వెళ్లండి. మధ్యలో పాత యజమాని ఆపిల్ ఐడీ అడిగితే యాక్టివేషన్ లాక్ ఉన్నట్టు. ‘రిమోట్ మేనేజ్‌మెంట్’ అని వస్తే అది ఏదో సంస్థది, వాళ్లు విడుదల చేస్తే తప్ప మీది కాదు. ‘తర్వాత తీసేస్తాం’ అన్న మాటకి ఒప్పుకోవద్దు. తర్వాత బల్ల మీద బోర్లా పెట్టి అంచుల వైపు చూడండి. తెర ఎక్కడైనా లేచి, పలక ఊగుతుంటే లోపల బ్యాటరీ ఉబ్బినట్టు. అది ప్రమాదం, ఎంత తక్కువకి ఇచ్చినా వదిలేయండి. తెల్లటి పేజీ తెరిచి చూస్తే ఒత్తిడి తగిలినచోట తెల్లగా మెరిసే మచ్చలు కనిపిస్తాయి. అవి పోవు. బ్యాటరీ ఎంత మిగిలిందో సెట్టింగ్స్‌లో చూపించే సదుపాయం 2024 నుంచి వచ్చిన మోడళ్లకే ఉంది. పాతవాటిలో గంటసేపు వీడియో నడిపి శాతం ఎంత తగ్గిందో చూడటమే దారి.

ప్రశ్న: నాలుగేళ్ల బాబుకి ఏ ట్యాబ్ మంచిది?

జవాబు: 8 నుంచి 9 అంగుళాలది, నాలుగు మూలలా మందంగా నురగ ఉన్న కవరుతో. అద్దం పగిలేది ఎక్కువగా మూల నేలకి తగిలినప్పుడే. పిల్లల వాడకాన్ని అదుపులో పెట్టేందుకు ఆండ్రాయిడ్ అయితే ఫ్యామిలీ లింక్, ఐప్యాడ్ అయితే స్క్రీన్ టైమ్ మొదటిరోజే పెట్టేయండి. తర్వాత పెడితే పిల్లలు ఒప్పుకోరు. మూడు, నాలుగేళ్ల పిల్లలకి కూర్చుని తెర చూసే సమయం రోజుకి గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, తగ్గితే ఇంకా మేలంది. ఆ గంట కోసం ఖరీదైన ట్యాబ్ అక్కర్లేదు.

ప్రశ్న: ల్యాప్‌టాప్ పాతబడింది. దాని బదులు ట్యాబ్, కీబోర్డు తీసుకుంటే నా ఆఫీసు పని నడుస్తుందా? ఎక్సెల్ ఎక్కువగా వాడతాను.

జవాబు: మీ ఎక్సెల్ ఫైళ్లలో మాక్రోలు (పనులను వాటంతటవే చేసిపెట్టే చిన్న ప్రోగ్రాములు) ఉన్నాయా లేవా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ఆండ్రాయిడ్, ఐప్యాడ్ ఎక్సెల్ యాప్‌లలో మాక్రోలు నడవవు. ఫైలు తెరుచుకుంటుంది, బటన్ నొక్కితే ఏమీ జరగదు. పైగా 10.1 అంగుళాల కంటే పెద్ద తెర ఉన్న ట్యాబ్‌లలో ఫైలు మార్చాలంటే మైక్రోసాఫ్ట్ 365 చందా అడుగుతుంది. ఆ ఖర్చుని ట్యాబ్ ధరలో కలిపి చూసుకోవాలి, కీబోర్డు ధర కూడా.

విండోస్ ట్యాబ్ అయితే మాక్రోలు నడుస్తాయి. అందులో స్నాప్‌డ్రాగన్ ప్రాసెసర్ ఉన్నది తీసుకుంటే మామూలు ప్రోగ్రాములు చాలావరకు నడుస్తాయి గానీ పాత ప్రింటర్లు, స్కానర్లు, డిజిటల్ సంతకం డాంగిళ్ల డ్రైవర్లు ఆ రకం ప్రాసెసర్ కోసం విడిగా చేసినవి ఉండాలి. అవి లేకపోతే ఆ పరికరం పనిచేయదు. ఆఫీసులో ఏయే పరికరాలు తగిలిస్తారో రాసుకుని ఒక్కోదాని కంపెనీ సైట్‌లో చూసుకోండి. విండోస్ 10తో వచ్చిన పాత ట్యాబ్‌లు చవగ్గా దొరుకుతాయి, వాటి జోలికి వెళ్లకండి. ఆ విండోస్‌కి మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. వాటిలో చాలావాటికి 11 ఎక్కదు.

నిజం చెప్పాలంటే, రోజుకి నాలుగైదు గంటలు ఎక్సెల్ ముందు కూర్చునేవారికి ల్యాప్‌టాపే నయం. ఒళ్లో పెట్టుకుంటే ట్యాబ్ కీబోర్డు ఊగుతుంది, తెర వెనక్కి పడిపోతుంది.

ప్రశ్న: ఒకదానికి 8000 ఎంఏహెచ్, ఇంకోదానికి 7000. మొదటిదే ఎక్కువసేపు వస్తుందా?

జవాబు: తప్పనిసరిగా రాదు. తెర సైజు, వెలుతురు, ప్రాసెసర్ ఎంత మింగుతుందన్నవి కలిపి చూడాలి. 8000 ఎంఏహెచ్‌ని 3.85 వోల్టులతో గుణిస్తే దాదాపు 31 వాట్-అవర్లు, అంటే బ్యాటరీలో పట్టే శక్తి. ఐప్యాడ్ పదో తరానికి 28.6 వాట్-అవర్లే, వీడియో పది గంటల దాకా అని ఆపిల్ చెప్పుకుంటుంది. ఈ అంకె ఉపయోగపడేది ఛార్జింగ్ సమయం లెక్కకే. 31 వాట్-అవర్ల బ్యాటరీకి 10 వాట్ల ఛార్జర్ ఇస్తే, మధ్యలో పోయేది కూడా కలుపుకుని నాలుగు గంటలకి దగ్గరగా పడుతుంది. ట్యాబ్ ఎన్ని వాట్లు తీసుకోగలదు, బాక్స్‌లో ఎన్ని వాట్ల ఛార్జర్ ఇస్తున్నారు, అసలు ఇస్తున్నారా అన్న మూడూ అడగండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేశాను, రేపు వస్తుంది. వాపసు గడువు కొద్ది రోజులే. ఆలోపు ఏమేం చూడాలి?

జవాబు: ఈ వరసలో చూడండి. ముందే స్క్రీన్ గార్డు అతికించకండి.

ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ‘అబౌట్’ దగ్గర ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్ ఉందో లేదో చూడండి. లేకపోతే పేరులేని సరుకు, వెంటనే వెనక్కి పంపండి. తర్వాత దేవ్‌చెక్ లాంటి యాప్ వేసి ప్రాసెసర్ పేరు, అసలు ర్యామ్, స్టోరేజ్, తెర పిక్సెళ్లు ప్రకటనలో ఉన్నవేనా అని సరిపోల్చండి. ఊరూపేరూ లేని కొన్ని ట్యాబ్‌లు సెట్టింగ్స్‌లో లేని ర్యామ్‌ని, కొత్త ఆండ్రాయిడ్ అంకెని చూపిస్తాయి. సెట్టింగ్స్ పేజీ ఒక్కదాన్నే నమ్మడానికి లేదు.

డీఆర్ఎం ఇన్ఫో అనే యాప్‌లో వైడ్‌వైన్ (సినిమాలు కాపీ కాకుండా కాపాడే ఏర్పాటు) స్థాయి ఎల్1 ఉండాలి. ఎల్3 ఉంటే తెర ఎంత మంచిదైనా డబ్బు కట్టి చూసే సినిమా యాప్‌లలో చాలావరకు 480 దగ్గరే ఆగిపోయి మసగ్గా కనిపిస్తుంది. సినిమాల కోసం కొన్నవాళ్లకి ఇదొక్కటే చాలు వాపసు చేయడానికి.

తెరకి వస్తే, పూర్తి నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం బొమ్మలు ఒక్కొక్కటీ నిండుగా పెట్టి చీకటి గదిలో చూడండి. చుక్కలు, అంచుల్లో వెలుగు కారడం అప్పుడే కనబడతాయి. ఒక యాప్ గుర్తుని నొక్కిపట్టి తెర నాలుగు అంచుల వెంటా, మధ్యలోనూ నెమ్మదిగా తిప్పండి. ఎక్కడైనా చేతిలోంచి జారి పడిపోతే అక్కడ టచ్ అందడం లేదు. ఇంట్లో రూటర్‌కి 5 గిగాహెర్ట్జ్ ఉంటే ఆ పేరు ట్యాబ్ వైఫై జాబితాలో కనిపించాలి. 2.4 మాత్రమే అందుకునే చవక ట్యాబ్‌లు ఇంకా వస్తున్నాయి. ముందు కెమెరా ఏ అంచున ఉందో చూసి ఒక వీడియో కాల్ చేయండి. పొట్టి అంచున ఉంటే ట్యాబ్ అడ్డంగా పెట్టినప్పుడు మీరు పక్కకి చూస్తున్నట్టు కనిపిస్తారు. ఆన్‌లైన్ క్లాసులు చెప్పేవారికి అది ఇబ్బందే.

రాత్రి వంద శాతం ఛార్జ్ చేసి, వైఫై ఆన్‌లోనే ఉంచి పక్కన పెట్టేయండి. పొద్దున్నకి మూడు నాలుగు శాతం తగ్గితే మామూలే. మొదటి రాత్రి అప్‌డేట్లు నడుస్తాయి కాబట్టి రెండో రాత్రి కూడా చూడండి. అప్పుడూ పది పైన తగ్గుతుంటే అనుమానించాలి.

వాపసు పంపాల్సి వస్తే ముందు సెట్టింగ్స్‌లో మీ గూగుల్ అకౌంట్ తీసేయండి, ఆ తర్వాతే రీసెట్ చేయండి. అకౌంట్ ఉండగానే బటన్లు నొక్కి రీసెట్ చేస్తే ట్యాబ్‌కి మీ పాస్‌వర్డ్‌తో తాళం పడి ఉంటుంది, తీసుకునేవాళ్లు దాన్ని తిప్పి పంపే అవకాశం ఉంది. ప్యాక్ చేసేటప్పుడు సీరియల్ నంబరు కనబడేలా ట్యాబ్‌ని, బాక్స్‌ని కలిపి ఫొటో తీసి పెట్టుకోండి.